పీజీఎన్ డేటాబేస్ నుంచి పాలీగ్లాట్ ఓపెనింగ్ బుక్: వడపోత, వెయిట్లు, చివరి ఎత్తుల తనిఖీ

#1 తెల్లగుర్రం

లీచెస్ (ఆన్‌లైన్ చెస్ సైటు) నెలవారీ పీజీఎన్ (గేముల ఎత్తులు రాసి ఉండే టెక్స్ట్) ఫైలులోంచి 2000 రేటింగ్ దాటిన బ్లిట్జ్ గేములు తీసి, పాలీగ్లాట్ అనే ప్రోగ్రాములోని మేక్-బుక్‌తో ఓపెనింగ్ బుక్ (ఏ స్థానంలో ఏ ఎత్తు వేయాలో ఇంజిన్‌కు చెప్పే ఫైలు) కట్టాను. మ్యాక్స్-ప్లై (బుక్ లోతు) 20, మిన్-గేమ్ (ఎత్తు కనీసం ఎన్ని గేముల్లో పడాలి) డిఫాల్ట్‌గా 3. చెస్ ఆడే ఇంజిన్ స్టాక్‌ఫిష్, దాన్ని నడిపేది క్యూట్‌చెస్ అనే ప్రోగ్రాములో. మూడు చోట్ల చిక్కు వస్తోంది.

ఒకటి, 20 అని ఇచ్చినా 10వ ఎత్తు దాటగానే బుక్ అయిపోతోంది. రెండు, నల్లపావులతో అప్పుడప్పుడూ స్టాఫర్డ్ గాంబిట్ (బంటును వదులుకుని వల పన్నే ఓపెనింగ్) ఎంచుకుంటోంది, అవతల గట్టి ఇంజిన్ ఉంటే ఇక కోలుకోవడం లేదు. మూడు, టీడబ్ల్యూఐసీ (వారం వారం టోర్నమెంటు గేములు ఇచ్చే సైటు) ఫైళ్లు కలిపి మళ్లీ కడదామంటే మధ్యలో ‘ఇల్లీగల్ మూవ్’ అని ఒక లైన్ నంబరు చూపించి ఆగిపోతోంది. ఎక్కడ సరిచేయాలి?

#2 హాష్‌కీ

మొదటిది చిక్కు కాదండి. ప్లై అంటే ఒక పక్షం వేసే ఒక ఎత్తు. 20 ప్లై అంటే తెల్లవి పది, నల్లవి పది. 15 ఎత్తుల లోతు కావాలంటే 30 ఇవ్వాలి. 40 దాటించినా పెద్దగా లాభం ఉండదు. అంత లోతులో ఒక్కో స్థానానికి దొరికే గేములు రెండో మూడో, వాటిలో చాలావాటిని మిన్-గేమ్ కత్తిరించేస్తుంది.

మూడోది: పాలీగ్లాట్ ప్రతి గేమునూ మామూలు ప్రారంభ స్థానం నుంచే ఆడిస్తుంది, ఎఫ్‌ఈఎన్ (మొదలయ్యే స్థానాన్ని చెప్పే) ట్యాగ్ ఉన్నా పట్టించుకోదు. అందుకని చెస్960 (వెనక వరస పావుల్ని వేరే క్రమంలో పెట్టి ఆడే) గేము, పావుల హ్యాండిక్యాప్ గేము, మధ్యలోంచి మొదలైన గేము ఏది తగిలినా తరచు మొదటి కొన్ని ఎత్తుల్లోనే చెల్లని ఎత్తు కనిపిస్తుంది. ఆ గేమును వదిలేసి ముందుకు పోదు, ప్రోగ్రామే ఆగిపోతుంది. వ్యాఖ్యానాలున్న ఫైళ్లలో రెండు గీతలతో రాసే ఉత్తుత్తి ఎత్తులు కూడా ఇదే పని చేస్తాయి. అది చూపించిన లైన్ నంబరుకు వెళ్లి, అక్కడినుంచి పైకి జరిగి ఆ గేము ట్యాగులు చూడండి. సాధారణంగా ‘సెటప్’ ట్యాగ్ కనిపిస్తుంది.

చేత్తో ఒక్కొక్కటీ తీయడం మొదలుపెడితే తెమలదు. డేవిడ్ బార్న్స్ రాసిన పీజీఎన్-ఎక్స్‌ట్రాక్ట్ అనే ప్రోగ్రాములోంచి ఫైలును ఒకసారి పోనిస్తే చెల్లని గేములు రాలిపోతాయి, ఎత్తులన్నీ ఒకే పద్ధతిలో రాసి వస్తాయి. సెటప్ ట్యాగ్ ఉన్నవాటిని వదిలేయమనే ఆప్షన్ కూడా అందులో ఉంది.

#3 చివరివరస

పీజీఎన్-ఎక్స్‌ట్రాక్ట్‌లో అక్షరం చిన్నదా పెద్దదా అన్నది చూసుకోవాలి. పెద్ద డి డూప్లికేట్లను పారేస్తుంది. చిన్న డి, పక్కన ఫైలు పేరు ఇస్తే, వాటిని ఆ ఫైలులో దాస్తుంది. పెద్ద సి వ్యాఖ్యలు తీసేస్తుంది, పెద్ద వి పక్క వేరియేషన్లు, పెద్ద ఎన్ ఆశ్చర్యార్థకాల్లాంటి గుర్తులు. చిన్న టి పక్కన షరతుల ఫైలు ఇవ్వాలి. అందులో ఒక లైనులో తెల్లవారి ఎలో (రేటింగ్) 2300 లేదా ఎక్కువ, ఇంకో లైనులో నల్లవారి ఎలో 2300 లేదా ఎక్కువ అని రాసుకోండి. ఒకరికే షరతు పెడితే 2400 ఆటగాడు 1700 ఆటగాణ్ని చితక్కొట్టిన గేములన్నీ వచ్చి పడతాయి, అప్పుడు ఏ ఓపెనింగైనా అద్భుతంగానే కనిపిస్తుంది.

లీచెస్ ఫైలును డిస్కు మీద విప్పకండి. కుదించి ఉన్న ఆ జెడ్‌ఎస్‌టీ ఫైలు విప్పితే సుమారు ఏడు రెట్లవుతుంది. జెడ్‌స్టాండర్డ్‌తో విప్పుతూనే పైపు ద్వారా నేరుగా పీజీఎన్-ఎక్స్‌ట్రాక్ట్‌కు అందిస్తే వడకట్టిన గేములే డిస్కు మీదికొస్తాయి.

డూప్లికేట్ల విషయం ఇంకొకటి. పీజీఎన్-ఎక్స్‌ట్రాక్ట్ ఎత్తుల్ని చూసి పోలుస్తుంది, పేర్లను చూడదు. మనవాళ్ల గేముల విషయంలో ఇది బాగా కలిసొస్తుంది. ఒకే గేము ఒక ఫైలులో ‘ఎరిగైసి, అర్జున్’ అని, ఇంకోదాంట్లో ‘అర్జున్, ఎరిగైసి’ అని ఉంటుంది. హంపి గారి పేరు కోనేరు ముందొకచోట, హంపి ముందొకచోట. హరికృష్ణ గారిది ‘హరికృష్ణ, పి’ అని ఒకటి, ‘హరికృష్ణ, పెంటేల’ అని ఇంకొకటి. పేర్లతో పోల్చే పద్ధతిలో ఇవన్నీ వేర్వేరు గేములుగా మిగిలిపోతాయి, ఎత్తులతో పోలిస్తే పట్టుబడతాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. బెర్లిన్ డిఫెన్స్‌లో 14 ఎత్తుల డ్రా గేము ఉంది కదా: నాలుగో ఎత్తుకు క్యాజిలింగ్, నల్ల నైట్ ఇ4 బంటును తీయడం, డి4, నైట్ డి6, చివర క్వీన్లు ఇ4-ఇ6, డి4-డి6 అంటూ తిరుగుతూ మూడుసార్లు అదే స్థానం. దాన్ని వేర్వేరు జంటలు అక్షరం తేడా లేకుండా ఆడాయి. పెద్ద డి ఇస్తే అవన్నీ కలిసి ఒక్క గేమైపోతాయి. బుక్ కోసమైతే ఇదే మంచిది. ముందే మనసులో పెట్టుకున్న డ్రాలు వంద చేరినంత మాత్రాన ఆ లైన్ విలువేమీ పెరగదు.

#4 నల్లబంటు

స్టాఫర్డ్ సంగతికి వద్దాం, అసలు విషయం అక్కడే ఉంది.

ఇ4 ఇ5, నైట్ ఎఫ్3 నైట్ ఎఫ్6, నైట్ ఇ5 బంటును తీసింది, నైట్ సి6. తెల్లది నైట్ తీసి, నల్లది డి బంటుతో తీశాక, తెల్లవారు డి3 ఆడారనుకోండి. బిషప్ సి5. ఇప్పుడు బిషప్ జి5 అని పిన్ చేస్తే నైట్ ఇ4 బంటును తీస్తుంది. ఆశపడి క్వీన్ తీస్తే బిషప్ ఎఫ్2 మీద చెక్, రాజు ఇ2, బిషప్ జి4, కట్టు. ఆన్‌లైన్ బ్లిట్జ్‌లో ఈ వలలో పడేవాళ్లకు కొదవ లేదు. కాబట్టి నల్లవారి గెలుపు శాతం బాగుంటుంది, బుక్‌లో వెయిట్ (ఎంచుకోవడానికి ఇచ్చే ప్రాధాన్యం) వస్తుంది. కానీ సరిగ్గా ఆడే తెల్లవారి ముందు నల్లది ఒక బంటు పోగొట్టుకుని దాదాపు ఓడిపోయే స్థానంలో కూర్చుని ఉంటుంది. బుక్‌కు వల సంగతి తెలియదు, లెక్క ఒక్కటే తెలుసు.

పాలీగ్లాట్ లెక్క ఇలా ఉంటుంది. ఆ ఎత్తు వేసిన పక్షం గెలిస్తే 2, డ్రా అయితే 1, ఓడితే 0. కలిపితే వచ్చేదే వెయిట్. అంటే వెయిట్‌లో ప్రాచుర్యం, ఫలితం రెండూ కలిసిపోయి ఉంటాయి. 100 గేముల్లో 5 గెలిచి 95 ఓడిన ఎత్తుకు వెయిట్ 10. 5 గేముల్లో 5 గెలిచిన ఎత్తుకూ 10. ఇంజిన్ దృష్టిలో ఈ రెండూ సమానం.

మొదటిదాన్ని ఆపడానికి మిన్-స్కోర్ ఉంది. అది శాతంలో ఇవ్వాలి. 45 శాతం కంటే తక్కువ వద్దనుకుంటే 45 అని ఇవ్వండి. 0.45 అని ఇస్తే అర శాతం కంటే తక్కువ అని అర్థమవుతుంది, ఏమీ వడకట్టదు, తప్పు జరిగిందన్న సూచన కూడా రాదు. నల్లపావులకు 45 పెడితే మంచి డిఫెన్సులు కూడా పోవచ్చు. తెల్లదానికి 50, నల్లదానికి 42 లాగా వేర్వేరుగా పెట్టి రెండు బుక్కులు కట్టడం నయం.

ఫలితం ట్యాగ్‌లో నక్షత్రం గుర్తుతో ఉన్న అసంపూర్తి గేములను కూడా పాలీగ్లాట్ డ్రా కిందే లెక్కేస్తుంది. వాటిని ముందే తీసేయండి.

#5 తెల్లగుర్రం

వేర్వేరుగా కట్టి కలిపితే వెయిట్లు ఒకదానిమీద ఒకటి పడవా?

#6 హాష్‌కీ

పడవు. ఎవరి వంతు అన్నది కూడా కీలోనే (స్థానాన్ని గుర్తించే సంఖ్యలోనే) ఉంటుంది. ఆప్షన్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి:

పాలీగ్లాట్ మేక్-బుక్ -పీజీఎన్ శుభ్రం.పీజీఎన్ -బిన్ తెల్ల.బిన్ -మ్యాక్స్-ప్లై 30 -మిన్-గేమ్ 5 -మిన్-స్కోర్ 50 -ఓన్లీ-వైట్

పాలీగ్లాట్ మేక్-బుక్ -పీజీఎన్ శుభ్రం.పీజీఎన్ -బిన్ నల్ల.బిన్ -మ్యాక్స్-ప్లై 30 -మిన్-గేమ్ 5 -మిన్-స్కోర్ 42 -ఓన్లీ-బ్లాక్

పాలీగ్లాట్ మెర్జ్-బుక్ -ఇన్1 తెల్ల.బిన్ -ఇన్2 నల్ల.బిన్ -అవుట్ పూర్తి.బిన్

మెర్జ్-బుక్‌లో ఒక స్థానం రెండు బుక్కుల్లోనూ ఉంటే ఇన్1దే చెల్లుతుంది, ఇన్2లోని ఎత్తులు ఆ స్థానానికి రావు. దీన్ని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. చేత్తో సరిదిద్దిన చిన్న బుక్ ఒకటి పెట్టుకుని దాన్ని ఎప్పుడూ ఇన్1గా ఇవ్వండి. పెద్ద బుక్‌ను ప్రతి నెలా కొత్త గేములతో మళ్లీ కట్టినా మీ దిద్దుబాట్లు చెరగవు. క్రమం తారుమారైతే మాత్రం దిద్దుబాట్లన్నీ గల్లంతే.

#7 పాతబోర్డు

ఎన్నిసార్లు ఆడారు, ఎంత గెలిచారు అన్న రెండింటితోనే సరిపెట్టకూడదని 1997 నాటికే ఐబీఎం చెస్ కంప్యూటర్ డీప్ బ్లూ బృందం గ్రహించింది. వాళ్లు చేత్తో కట్టిన బుక్ సుమారు 4,000 స్థానాలే. దాని వెనక 7,00,000 గేముల డేటాబేస్ నుంచి తీసిన ఎక్స్‌టెండెడ్ బుక్ ఒకటి ఉండేది. అందులో ఎత్తు ఎన్నిసార్లు పడింది, ఫలితాలేమిటి అన్నవాటితో పాటు ఆడినవాళ్ల బలం, ఎంత ఇటీవల ఆడారు, వ్యాఖ్యాతలు ఏ గుర్తు పెట్టారు అన్నవి కూడా లెక్కలోకి వచ్చేవి. పైగా అది నేరుగా ఎత్తును ఆడించేది కాదు, ఆ ఎత్తుకు కొంత బోనస్ ఇచ్చేది. అంతకన్నా మంచిది కనిపిస్తే వెతుకులాటదే పైచేయి. ఇప్పటి పాలీగ్లాట్ బుక్‌లో ఆ మొగ్గు లేదు, దొరికితే గుడ్డిగా ఆడేస్తుంది. అందుకే తనిఖీ అంతా బుక్ కట్టే దశలోనే జరిగిపోవాలి.

ఇటీవలి గేములకు ఎక్కువ విలువ ఇవ్వాలనడానికి కారణం సూటిగానే ఉంటుంది. ఒక లైన్‌లో తెల్లవారు ఇరవై ఏళ్లు గెలుస్తారు. తర్వాత ఎవరో ఒక ఎత్తు కనిపెడతారు. ఆ రోజు నుంచి ఆ లైన్‌ను ఎవరూ ఆడరు. డేటాబేస్‌లో మాత్రం పాత గెలుపులు అలాగే కూర్చుని ఉంటాయి, ఆ లైన్ ఎప్పటికీ గొప్పదిగానే కనిపిస్తుంది. ఖండించిన గేములు రెండో మూడో, లెక్కలో కనబడనే కనబడవు.

#8 చివరివరస

మనుషుల గేములు వదిలేసి ఇంజిన్ల గేములతో కడదామనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. సీసీఆర్‌ఎల్ (ఇంజిన్ల రేటింగ్ జాబితా) గేములు సాధారణ ఓపెనింగ్ బుక్‌తో మొదలవుతాయి. టీసెక్ అనే ఇంజిన్ల పోటీలో ఓపెనింగులు మనుషులు ఎంచి ఇస్తారు, రెండు ఇంజిన్లూ అదే లైన్‌ను చెరోవైపు నుంచి ఆడాలి. అంటే ఆ గేముల్లో మొదటి ఎత్తులు ఇంజిన్ ఎంచుకున్నవి కావు. వాటిని లెక్కేసి ఇంజిన్లు ఇది ఇష్టపడుతున్నాయి అనుకుంటే, మీరు చూస్తున్నది పరీక్ష పెట్టినవాళ్ల జాబితాను.

వాడకూడదని కాదు. బుక్ అయిపోయాక పడిన ఎత్తులకు చాలా విలువ ఉంది. క్యూట్‌చెస్ రాసే పీజీఎన్‌లో బుక్ ఎత్తు పక్కన ‘బుక్’ అన్న వ్యాఖ్య ఉంటుంది. ఆ వ్యాఖ్య లేని మొదటి ఎత్తు నుంచి లెక్క మొదలుపెట్టాలి. కానీ పెద్ద సితో వ్యాఖ్యలన్నీ ముందే తీసేస్తే ఆ గుర్తే పోతుంది. క్రమం మార్చుకోండి: ముందు లెక్క, తర్వాత శుభ్రం. లీచెస్ గేముల్లో సుమారు 6 శాతానికి స్టాక్‌ఫిష్ మూల్యాంకనం వ్యాఖ్యల్లోనే ఉంటుంది. అదీ పెద్ద సి దెబ్బకు పోతుంది.

#9 ఎడమవైపు_క్యాజిలింగ్

పాలీగ్లాట్ వెయిట్ నచ్చక పైథాన్-చెస్ లైబ్రరీతో సొంతంగా బిన్ (బుక్ ఫైలు) రాసుకునేవాళ్లు ఈ ఐదు చోట్ల జాగ్రత్తపడాలి. ఆ లైబ్రరీలో చదివే రీడర్ ఉంది, రాసే పని మనదే.

ఒక్కో ఎంట్రీ 16 బైట్లు: కీ 8, ఎత్తు 2, వెయిట్ 2, లెర్న్ 4. అన్నీ బిగ్-ఎండియన్ (పెద్ద విలువ బైటు ముందు). పీసీలో మామూలుగా ఉండే లిటిల్-ఎండియన్‌లో రాస్తే ఫైలు సైజు సరిగ్గానే ఉంటుంది, తెరుచుకుంటుంది, ఒక్క స్థానం కూడా దొరకదు.

ఎంట్రీలు కీ ప్రకారం ఆరోహణ క్రమంలో ఉండాలి. చదివే ప్రోగ్రాములు బైనరీ సెర్చ్ చేస్తాయి. క్రమం లేకపోతే కొన్ని స్థానాలు దొరుకుతాయి, కొన్ని దొరకవు. పట్టుకోవడం కష్టమైన తప్పు ఇదే.

ఎత్తును ఇలా కట్టాలి: చేరే గడి నిలువు వరస, చేరే అడ్డ వరస, బయలుదేరే నిలువు వరస, బయలుదేరే అడ్డ వరస, ఒక్కోదానికి మూడు బిట్లు, కింది నుంచి పైకి. ఇ2 నుంచి ఇ4 అయితే 4 + 24 + 256 + 512 = 796. క్యాజిలింగ్‌ను రాజు తన రూక్‌నే తీసినట్టు రాయాలి, అంటే ఇ1 నుంచి హెచ్1. దాని విలువ 263. ఇ1 నుంచి జి1 అని 262 రాస్తే చాలా ప్రోగ్రాములు దాన్ని మామూలు రాజు ఎత్తుగా చూసి, చెల్లదని పక్కన పెడతాయి. బుక్ ప్రతి లైన్‌లోనూ క్యాజిలింగ్ దగ్గరే తెగిపోతోందంటే ముందు చూడాల్సింది ఇదే.

నాలుగోది ఎన్ పాసాన్ (రెండు గళ్లు దూకిన బంటును పక్కనున్న బంటు తీయడం). కీలో మొత్తం 781 యాదృచ్ఛిక సంఖ్యలు: పావులకు 768, క్యాజిలింగ్‌కు 4, ఎన్ పాసాన్ నిలువు వరసలకు 8, వంతుకు 1. ఎన్ పాసాన్ సంఖ్యను, పక్కన అవతలివాళ్ల బంటు ఉన్నప్పుడే కలపాలి. బంటు రెండు గళ్లు దూకిన ప్రతిసారీ కలిపేస్తే 1. ఇ4 తర్వాతే కీ తప్పుతుంది. ప్రారంభ స్థానం కీ 463బి96181691ఎఫ్‌సి9సి. అది సరిపోయి, ఇ4 తర్వాత 823సి9బి50ఎఫ్‌డి114196 రాకపోతే తప్పు ఎన్ పాసాన్‌లోనే ఉంది.

వెయిట్ 16 బిట్లే, 65535 దాటకూడదు. దాటితే ఆ స్థానంలోని ఎత్తులన్నిటినీ ఒకే భాజకంతో తగ్గించండి. పెద్దదాన్ని మాత్రమే 65535 దగ్గర కత్తిరిస్తే నిష్పత్తి చెడుతుంది.

#10 తెల్లగుర్రం

సొంత వెయిట్ అంటే ఏ సూత్రం వాడాలి? గెలుపు శాతం ఒక్కటే తీసుకుంటే మూడుకు మూడు గెలిచినవి పైకి వచ్చేస్తున్నాయి.

#11 నల్లబంటు

చిన్న లెక్కను సగటు వైపు లాగాలి. పాయింట్లకు కొన్ని ఊహా గేముల పాయింట్లు కలిపి, గేములకు ఆ ఊహా గేముల సంఖ్య కలిపి భాగించండి. సగటు 50 శాతం అనుకుందాం. మూడుకు మూడు గెలిచిన ఎత్తు, 3000 గేముల్లో 1650 పాయింట్లు తెచ్చుకున్న ఎత్తు. 20 ఊహా గేములు కలిపితే మొదటిది 13/23, అంటే 56.5 శాతం. రెండోది 1660/3020, 55 శాతం. ఇంకా మూడు గేముల ఎత్తే పైన ఉంది. 50 కలపండి: 28/53 అంటే 52.8, 1675/3050 అంటే 54.9. ఇప్పుడు సరైన వరస వచ్చింది. బ్లిట్జ్ గేములైతే 50కి తగ్గకండి. సగటుగా 50 బదులు ఆ స్థానానికి ఉన్న మొత్తం శాతం పెడితే ఇంకా మేలు.

ఇంకొకటి, ఎత్తు లెక్క కాకుండా, ఆ ఎత్తు తర్వాత వచ్చే స్థానం లెక్క తీసుకోండి. డి4, సి4, నైట్ ఎఫ్3 ఏ వరసలో వేసినా చివరికి ఒకే స్థానం వస్తుంది. ఎత్తు లెక్కలో ఈ దారిన వచ్చిన 40 గేములే కనిపిస్తాయి. స్థానం లెక్కలో అన్ని దారుల నుంచీ వచ్చిన 2000 కనిపిస్తాయి.

ఇంత చేసినా స్టాఫర్డ్ పూర్తిగా పోదు, వెనక్కి జరుగుతుంది అంతే. దాన్ని తీసేది చివరి స్థానాల తనిఖీ. బుక్‌లో ఇక ముందుకు ఎత్తు లేని స్థానాలన్నీ బయటికి తీసి ఇంజిన్‌తో చూపించి, ఆ విలువల్ని మినీమ్యాక్స్‌తో (ప్రతి పక్షం తనకు మేలైనదే ఎంచుకుంటుందన్న లెక్కతో) వెనక్కి మొదటి ఎత్తుదాకా తేవాలి. మన పక్షం ఎత్తు తర్వాత విలువ మైనస్ 0.50 (అర బంటు నష్టం) కంటే తగ్గితే ఆ ఎత్తును కొట్టేయాలి. ఒకే స్థానానికి అనేక దారులున్నాయి, ఎత్తులు తిరిగి తిరిగి పాత స్థానానికీ రావచ్చు. కాబట్టి చెట్టులాగా నడిస్తే సుడిలో పడుతుంది. చూస్తున్న దారిలో అదే కీ మళ్లీ వస్తే 0.00 అనుకుని ఆగిపొమ్మనండి.

సమయం లెక్క ముందే వేసుకోండి. 40,000 చివరి స్థానాలు, ఒక్కోదానికి 10 సెకన్లు అంటే 4,00,000 సెకన్లు, 111 గంటలు. 8 కోర్లుంటే ఒక్క ఇంజిన్‌కు 8 థ్రెడ్లు ఇవ్వకుండా, ఒక్కో థ్రెడ్‌తో 8 ఇంజిన్లు నడపండి. 14 గంటల్లో అయిపోతుంది. మిన్-గేమ్‌ను 5 నుంచి 10కి పెంచితే చివరి స్థానాలు బాగా తగ్గుతాయి, ఆ నిర్ణయం తనిఖీకి ముందే తీసుకోవాలి.

మన పక్షానికి మంచి ఎత్తులు రెండో మూడో చాలు. అవతలి పక్షం ఎత్తుల్లో చెడ్డవాటిని కొట్టేయకండి. వాళ్లు చెడ్డ ఎత్తు వేసినప్పుడే కదా బుక్‌లో శిక్ష సిద్ధంగా ఉండాలి.

#12 హాష్‌కీ

బాగుపడిందో లేదో పరీక్షించేటప్పుడు క్యూట్‌చెస్-సీఎల్‌ఐలో (క్యూట్‌చెస్ కమాండ్ లైన్ రూపం) ఓపెనింగ్స్ ఫైలు ఇవ్వకండి. అది ఇస్తే గేము ఆ స్థానాల నుంచి మొదలవుతుంది, మీ బుక్‌కు మొదటి ఎత్తుల్లో పనే ఉండదు. స్టాక్‌ఫిష్‌కు ఇప్పుడు సొంత బుక్ ఆప్షన్ లేదు కాబట్టి, ఒకే ఇంజిన్‌ను రెండు పేర్లతో పెట్టి, ఒకదానికి పాత బుక్, రెండోదానికి కొత్త బుక్ ఇవ్వండి. బుక్‌డెప్త్ రెండింటికీ ఒకటే ఉండాలి. అది ప్లైలలో కాదు, పూర్తి ఎత్తుల్లో లెక్క.

1000 గేముల్లో సగం డ్రాలైతే పొరపాటు హద్దు సుమారు ±15 ఎలో. కొత్త బుక్ 8 ఎలో ఎక్కువ చూపిస్తే దానికి ఇంకా అర్థం లేదు, మరిన్ని గేములు ఆడించాలి. ఆడించిన పీజీఎన్‌ను పెద్ద డితో మళ్లీ వడకట్టి ఎన్ని మిగిలాయో చూడండి. 1000లో 300 డూప్లికేట్లు ఉంటే బుక్ మరీ ఇరుకుగా ఉన్నట్టు, వెయిట్లు ఒకే ఎత్తు వైపు పోగుపడుతున్నట్టు.

#13 తెల్లగుర్రం

సెటప్ ట్యాగులు తీసేశాక ఇల్లీగల్ మూవ్ రావడం ఆగింది. ప్లై 30, ఇద్దరికీ 2300, తెల్లకు 50, నల్లకు 42, వేర్వేరుగా కట్టి కలిపాను. డంప్-బుక్ (బుక్‌లోని ఎత్తుల జాబితా) చూస్తే నల్లవైపు ఇ5, నైట్ ఎఫ్3 తర్వాత నైట్ ఎఫ్6 ఇంకా ఉంది.

#14 నల్లబంటు

అది ఉండాలి. నైట్ ఎఫ్6 పెట్రోవ్, నమ్మకమైన డిఫెన్స్. తెల్లది ఇ5 తీశాక నల్లది డి6 ఆడుతుందా, నైట్ సి6 ఆడుతుందా అన్నదే తేడా. డంప్‌లో ఆ తర్వాతి స్థానానికి వెళ్లి నైట్ సి6 వెయిట్ చూడండి. ఇంకా ఉంటే తనిఖీ అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఆ ఒక్క స్థానానికి డి6 మాత్రమే పెట్టిన చిన్న బుక్‌ను ఇన్1గా ఇచ్చి మళ్లీ మెర్జ్ చేయండి.